అదే ఉయ్యాల

సుమిత్ర పోయింది గురువారం. ఆ రోజు దోర్నపాల్‌లో సంత. ఆస్పత్రి గేటు ముందు ఎండుచేపలవాళ్ళు, టమాటాలవాళ్ళు ఎప్పటిలాగే దారికి అడ్డంగా కూర్చుని ఉన్నారు. శవం ఉన్న బండి బయటికి వస్తుంటే ఒకరి తర్వాత ఒకరు తట్టలు పక్కకి జరిపారు. బండి దాటగానే మళ్ళీ ఉన్నచోటికే జరుపుకున్నారు. సుమిత్ర తండ్రి ఆయతు మాస్టారు డ్రైవరు పక్కన కూర్చుని పక్క అద్దంలో అదంతా చూశారు.

జ్వరం. ఆ చుట్టుపక్కల సగం మంది వేళ్ళు గుచ్చి మలేరియా ఉందో లేదో చెప్పిన నర్సు, తన జ్వరాన్ని అలసట అనుకుంది. దీని గురించి తర్వాత చాలామంది చాలా మాట్లాడారు.

కిష్టారం వైపు మట్టిరోడ్డు ఎక్కేదాకా ఆయన జేబులో సుమిత్ర ఫోను వణుకుతూనే ఉంది. ఒకసారి తీసి చూశారు. 'మైనా పిచ్చోళ్ళు' అనే పాటల అభిమానుల గ్రూపులో ఎవరో అడుగుతున్నారు: "ఆదివారం కోంటాకు ఎవరెవరు వస్తున్నరు? సుమిత్రక్కా, గొంతు రెడీగా పెట్టుకున్నవా?"

మాస్టారు ఫోను జేబులో పెట్టుకున్నారు. కాసేపటికి సిగ్నల్ పోయింది. ఫోను ఊరుకుంది.

*

ఆ ఆదివారం కోంటాలో కచేరీ జరగలేదు. పర్మిషన్ రాలేదని వాయిదా వేశారు. మళ్ళీ ఎప్పుడో తర్వాత చెబుతామని, కొన్న టికెట్లు చెల్లుతాయని ఫోనులో సందేశం వచ్చింది. సుమిత్ర టికెట్టు కూడా చెల్లుతుంది.

ఈలోగా రాయి సంగతి వచ్చింది.

వాళ్ళ దోర్ల తెగ ఇళ్ళలో మనిషి పోతే ఊరి బయట రాయి నిలబెడతారు. పూర్వం ఉత్త రాయే. ఇప్పుడు దాని ముందువైపు సిమెంటు పూసి, సున్నం కొట్టి, గడులు గీసి, పోయినవాళ్ళ బతుకు అందులో రంగులతో వేయిస్తున్నారు. దంతేవాడ నుంచి సుక్మా దాకా రోడ్డు పొడవునా అలాంటి రాళ్ళు కనిపిస్తాయి. వాటి మీద ఎద్దులుంటాయి, రేడియోలుంటాయి, బస్సులుంటాయి, అప్పుడప్పుడు హెలికాప్టరు కూడా ఉంటుంది. రాయి తెచ్చే బాధ్యత మేనమామది. సుమిత్ర మేనమామ భీమా వాగు అవతల నుంచి రాయిని ట్రాక్టరు మీద తెచ్చి, వానలు పడకముందే నిలబెట్టాలని, నిలబెట్టిన రోజే బంధువులకు భోజనం పెట్టాలని తేల్చేశాడు.

"బొమ్మలు సుక్కాతో వేయిద్దాం బావా," అన్నాడు భీమా. "మూడు బ్లాకుల్ల వాడే వేస్తడు. వాడి చెయ్యి ఆగదు."

సుక్కా చెయ్యి ఎందుకు ఆగదో అతను వచ్చిన రోజే అర్థమైంది. సంచీలోంచి రేకు ముక్కలు తీసి అరుగు మీద పరిచాడు. ఒక రేకులో ఎద్దు ఆకారం కత్తిరించి ఉంది. ఒకదానిలో మోటారుసైకిలు, ఒకదానిలో చేతులు పట్టుకున్న ఆడవాళ్ళ వరస. రేకును రాయి మీద ఆనించి బ్రష్షు కొడితే బొమ్మ దిగుతుంది.

"నర్సమ్మ కదా, మొదటి గడిలో ఆస్పత్రి," అన్నాడు సుక్కా. "రెండోదాంట్ల స్కూటీ. మూడోదాంట్ల డాన్సు. నాలుగోది ఆమెకు ఇష్టమైనది. అది మీరు చెప్పాలె గురూజీ. మిగతా మూడూ అందరికీ ఉండేవే."

"దాని స్కూటీ నీలం రంగు," అన్నారు మాస్టారు.

"నేను అందరికీ ఎర్రదే వేస్త."

"పోలంపల్లి దగ్గర ఒక కుర్రాడి రాయి మీద ఎర్ర బండి చూశాను. అతనికి బండి నడపడమే రాదన్నారు."

"రాయి మీద నడుపుతున్నడు కదా," అన్నాడు సుక్కా.

సుమిత్ర తల్లి సన్నే వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తూ తల ఎత్తకుండానే అంది: "ఇష్టమైనది అంటే మైనా పాటలే. ఇంకేముంది? జీతం అందిన ప్రతిసారీ ఆ కచేరీకే పరిగెత్తె."

సుక్కా మొహం విప్పారింది. సంచీ అడుగు నుంచి ఇంకో రేకు తీశాడు. అందులో చందమామ ఆకారంలో ఒక ఉయ్యాల, దాని మీద మైకు పట్టుకున్న అమ్మాయి. పోయిన ఏడు కత్తిరించాడట. అప్పుడే ఇద్దరి రాళ్ళ మీద వేశాడట.

"ఎవ్వరూ ఏమీ అనలే," అన్నాడు గర్వంగా.

ఆ రోజు ఊరికి వచ్చిన ఉమామహేశ్వరి అక్కడే గుమ్మంలో నిలబడి ఉంది. కోంటా అమ్మాయి. సుమిత్రతో కలిసి నర్సు పని చేసేది. కచేరీలకూ కలిసే వెళ్ళేది. రేకు చూడగానే గుమ్మం దిగి వచ్చింది.

"వాళ్ళు అనలేరు కాబట్టి అనలేదు. సుమిత్ర అంటది," అంది. "గురూజీ, ఏం చేసినా చేయండి గానీ, ఆ ఉయ్యాల మాత్రం వేయించకండి. అది చూసినప్పుడల్లా ఎట్ల తిట్టేదో మీకు తెల్వదు."

మాస్టారుకు నిజంగానే తెలియదు. కూతురికి ఆ పాటలంటే పిచ్చి అని తెలుసు. అక్కడికి వెళ్ళి తిడుతుందని తెలియదు.

*

ఉమామహేశ్వరి చెప్పిన కథ ఇది. మైనా అక్క అసలు పేరు శిరీష. ఏళ్ళ క్రితం సరిహద్దు ఊళ్ళ జాతరల్లో ట్రాక్టరు తొట్టి ఎక్కి పాడేది. అప్పుడు వేదిక లేదు, వరస లేదు. జనం ఏది అడిగితే అది పాడేది. తెలుగులో అడిగితే తెలుగు, దోర్లీలో అడిగితే దోర్లీ, హల్బీలో అడిగితే హల్బీ. రాని పాట అడిగితే అడిగినవాణ్ణే తొట్టి ఎక్కించి పాడించి, తను కోరస్ పాడేది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు సుమిత్ర ఆమెను చూసింది అలాగే. అప్పట్లో శిరీష పాడే పాటల్లో సంతలో దువ్వెన మరిచిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళే పిల్ల పాట ఒకటి ఉండేది.

తర్వాత ఆ గొంతు ఫోన్లలోకి వచ్చింది. ట్రాక్టరు పోయి రెండు లారీలు వచ్చాయి. పొగ వచ్చింది, వెనక పెద్ద తెర వచ్చింది, ఉయ్యాల వచ్చింది. దువ్వెన పాట పోయింది.

"సుక్మాలో ఏ పాట తర్వాత ఏ పాటో, బచేలిలో కూడా అదే," అంది ఉమామహేశ్వరి. "ఎక్కడ నవ్వాలో అక్కడే నవ్వుతది. ఎక్కడ ఏడవాలో అక్కడే ఏడుస్తది. ఒక్క ఊళ్ళో అయినా కన్నీళ్ళు అర నిమిషం లేటు కాలే."

"మరి అన్ని ఊళ్ళకూ ఎందుకు వెళ్ళడం?" అన్నారు మాస్టారు.

"అదే నేనూ అడిగేదాన్ని. 'ఒకవేళ ఈసారి మారిస్తే? ఆ రోజు నేను లేకపోతే ఎట్ల?' అనేది."

ఆ సాయంత్రం మాస్టారు స్కూలు వెనక, సిగ్నల్ దొరికే చింతచెట్టు కింద నిలబడి సుమిత్ర ఫోను తెరిచారు. ఈ సీజన్‌లో ప్రతి కచేరీ తర్వాత ఆమె గ్రూపులో మాట్లాడి పెట్టిన సందేశాలు ఉన్నాయి. మొదటిది నొక్కారు.

"వచ్చిన. అదే ఉయ్యాల. అదే పొగ. నాలుగు గంటల ఎండలో నిలబడి 'ఈ రాత్రి చుక్కల కింద మీతో' అని చెప్పింది. నా నెత్తి మాడుతున్నది, తెర మీద చుక్కలు. మూడో పాట తర్వాత నేను అరిచిన, దువ్వెన అని. రేపు అన్నది. ఆ రేపు ఏ నెలలో వస్తదో కనుక్కోండి."

రెండోది నొక్కారు. "వచ్చిన. అదే ఉయ్యాల. అదే పొగ..." మూడోదీ అంతే. ఊరు మారింది. ఒకదానిలో వెనక బస్సు హారను వినిపించింది. ఒకదానిలో ఆమె ఏదో నములుతోంది. మిగతాదంతా ఒకటే. ఒక మాట ముందుకు లేదు, ఒక మాట వెనక్కి లేదు.

మాస్టారు అన్నీ విన్నారు. మళ్ళీ మొదటినుంచి విన్నారు. మరునాడు కూడా విన్నారు. వారం తిరిగేసరికి "అదే పొగ" తర్వాత ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆయనకు తెలిసిపోయింది.

ఆయన ఇరవై రెండేళ్ళుగా అయిదో తరగతికి భిన్నాలు చెబుతున్నారు. ఎద్దును మూడు భాగాలు చేయమంటే తోక ఎవరి వాటాకి వస్తుందని అడుగుతారు. పిల్లలు నవ్వుతారు. ఇప్పటి పిల్లలకు వాళ్ళ అన్నలు ముందే చెప్పేస్తున్నారు కాబట్టి, ఆయన ఎద్దు అనగానే "తోక!" అని అరుస్తారు. అయినా ఆయన అడగడం మానలేదు. సుమిత్ర ఆ తరగతిలో ఉన్న ఏడాది ఇంటికి వచ్చి తల్లికి ఫిర్యాదు చేసింది: "నాన్న ఆ ఎద్దును వదలడమ్మా."

*

కచేరీ తేదీ ఏప్రిల్ చివర్లో పడింది. మాస్టారు సుమిత్ర టికెట్టు మీద కోంటా వెళ్ళారు. నాలుగో గడిలో ఏం వేయించాలో అక్కడ తెలుస్తుందని ఆయన ఆశ. వీలైతే శిరీష చేత దువ్వెన పాట ఒక్కసారి పాడించాలని కూడా అనుకున్నారు. పాడిస్తే అప్పుడు ఆ కచేరీని రాయి మీద వేసినా సుమిత్ర తిట్టదు.

ఉమామహేశ్వరి బస్టాండులోనే ఎదురైంది. ఇద్దరూ మైదానం చేరేసరికి మూడున్నర. ఆ వైపు కచేరీలు ఎండ ఉండగానే మొదలుపెడతారు. జనం చీకటి పడకముందే బస్సులెక్కి ఊళ్ళు చేరాలి. లైట్లు, పొగ, తెర మీద బొమ్మలు మాత్రం భిలాయ్‌లోనో జగదల్‌పూర్‌లోనో రాత్రి కచేరీల కోసం తయారుచేసినవి. వాటిని ఎండ కోసం ఎవరూ మార్చలేదు.

పొగ వచ్చింది. శబరి నది మీద నుంచి వచ్చే గాలికి పొగంతా పోలీసుల టెంటు వైపు పోయింది. పోలీసులు దగ్గారు. పైనుంచి చందమామ ఉయ్యాల దిగింది. ఎర్రటి ఎండలో చందమామ లోపల బల్బులు వెలుగుతున్నాయో లేదో తెలియలేదు. ఉయ్యాల మీద శిరీష చేతులు చాపింది.

"ఈ రాత్రి..." అంది.

"...చుక్కల కింద మీతో!" అని జనం పూర్తి చేశారు.

మాస్టారు నెత్తిమీద రుమాలు వేసుకున్నారు. వెనక ఒక ముసలాయన పక్కనున్నవాడితో అంటున్నాడు: "ఇప్పుడు చెప్పు జారుతది, చూడు." శిరీష ఉయ్యాల దిగుతూ ఒక చెప్పు జారవిడిచింది. "ఇప్పుడు డోలు పిల్లగాడు అందిస్తడు." డోలు పిల్లగాడు అందించాడు. "పోయిన ఏడు ఎర్ర చెప్పు," అన్నాడు ముసలాయన, ఏదో లోటు జరిగినట్టు.

మొదటి పాట అయింది. రెండోది అయింది. శిరీష బాగా పాడుతుంది. అది మాస్టారు ఒప్పుకున్నారు. గొంతులో అడవి ఉంది, ఊపిరి ఉంది. కానీ ఏ పాట తర్వాత ఏది వస్తుందో ఆయనకు తెలుసు. ఆయనకు చెప్పిన మనిషి లేదు. వేదిక మీద జరిగేది సుమిత్ర మాటలకు బొమ్మ వేసినట్టు ఒక్కొక్కటే జరుగుతోంది. తనిఖీకి వచ్చిన అధికారి పాఠ్యపథకం చేతిలో పెట్టుకుని కూర్చున్నట్టు ఆయన కూర్చున్నారు. ఎక్కడా తప్పు దొరకలేదు.

మూడో పాట అయింది. వాయిద్యాలు ఆగాయి. శిరీష చెవి దగ్గర చెయ్యి పెట్టి జనం వైపు వంగింది.

"ఏం పాడమంటరు?"

మాస్టారు లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో ఆయనకే తెలియదు. నోరు తెరిచారు.

"దువ్వెన!" అని మైదానమంతా అరిచింది.

ముసలాయన అరిచాడు. డోలు పిల్లగాడు అరిచాడు. టెంటు కింద పోలీసుల్లో ఒకడు కూడా అరిచాడు. శిరీష పకపకా నవ్వి, "దువ్వెన రేపు!" అంది. నాలుగో పాట మొదలైంది.

మాస్టారు కూర్చున్నారు. పక్కన ఉమామహేశ్వరి చున్నీతో మొహం తుడుచుకుంటోంది. ఎండ బాగా ఉంది.

*

కచేరీ అయ్యాక వేదిక వెనక్కి వెళ్ళడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మాస్టార్లను ఆ వైపు ఎవరూ ఆపరు. జనరేటరు పక్కన దేవేంద్ర అనే మనిషి తీగలు చుట్టుకుంటున్నాడు. పాటలు, లైట్లు, ఉయ్యాల, అన్నీ అతని కంప్యూటరులోంచే నడుస్తాయి. మాస్టారు తన పేరు, ఊరు చెప్పి, ఒక పాట అడగడానికి వచ్చానన్నారు.

"గురూజీ, పాట మార్చడం కుదరదు," అన్నాడు దేవేంద్ర. హిందీ కలిసిన తెలుగు. "అన్నీ ఒకే లైన్‌లో కట్టేసి ఉన్నయ్. ఒక పాట తీసి ఇంకొకటి పెట్టితే ఉయ్యాల టైం తప్పుతది. పోయిన ఏడు ఒకసారి ట్రై చేసినం. అక్క మైకు ముందు నిలబడి ఉంటే ఉయ్యాల నెత్తిమీదికి దిగింది."

"మరి ఏం పాడమంటారని అడిగింది కదా?"

"అది కూడా కట్టిందే. పదిహేను సెకన్ల ఖాళీ. అడగనీకి నాలుగు, అరవనీకి ఆరు, నవ్వనీకి అయిదు." దేవేంద్ర తీగ చుట్ట పక్కన పెట్టాడు. "అసలు ఆ ఖాళీ మొదట లేకుండె. ఈ సీజన్ సుక్మాలో ఒక లడ్కీ ముందు వరసలో నిలబడి దువ్వెన, దువ్వెన అని ఒకటే అరుపు. ట్రాక్ కంటే గట్టిగా అరిచింది. అక్కకు నవ్వాగలే. రేపు అన్నది. పబ్లిక్ ఈలలు, సీటీలు కొట్టింది. ఆ వీడియో ఫోన్లల్ల బాగా తిరిగింది. అప్పుడు మేనేజర్ సాబ్ అన్నడు, ఇది బాగుంది, ప్రతి ఊళ్ళో పెట్టండని. లడ్కీ కూడా ప్రతి ఊరికి వచ్చేది. మేం పెట్టిన మనిషే అనుకున్నరు జనం. బచేలిలో అయితే ఆమెను అడిగిన్రు, రోజుకు ఎంత ఇస్తరని."

"ఈ మధ్య వస్తలేదు," అంటూ శిరీష వచ్చింది. రంగు కడుక్కున్న మొహం తువాలుతో తుడుచుకుంటోంది. దగ్గరగా చూస్తే నలభై దాటిన మనిషి. "ఆమె లేకపోయినా ఇప్పుడు జనమే అరుస్తున్నరు. మీకు తెలిసిన పిల్లా గురూజీ?"

"మా అమ్మాయి," అన్నారు మాస్టారు. "చనిపోయింది."

జనరేటరు ఇంకా ఆపలేదు.

"ఎప్పుడు?"

"గురువారం."

ఏ గురువారమో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. తువాలు భుజం మీద వేసుకుని దేవేంద్ర వైపు చూసి, దాన్ని ఆపమని చెయ్యి ఊపింది. జనరేటరు ఆగిపోయింది. శిరీష లారీ తొట్టికి ఆనుకుని నిలబడి, ఏ ఉపోద్ఘాతం లేకుండా పాడింది.

"దువ్వెన మరిచితి దుకాణం కాడ,
సగం తోవ వచ్చితి సంత విడిచి,
తల చూస్తే చెదిరింది, తోవ చూస్తే చీకటి..."

అక్కడ ఆగింది. "తర్వాత ఏముండె?" అని తనలో తనే అనుకుంది. దేవేంద్ర వైపు చూసింది. అతనికి తెలియదు. ఉమామహేశ్వరి వైపు చూసింది. ఆమెకూ తెలియదు. మాస్టారు వైపు చూసింది.

"అది దానికి వచ్చు," అన్నారు మాస్టారు.

శిరీష అక్కడికక్కడే ఏదో కట్టి రెండు లైన్లు పాడింది. పిల్ల వెనక్కి వెళ్ళింది. దుకాణం మూసేసి ఉంది. దువ్వెన దొరికిందో లేదో తేలకుండా పాట అయిపోయింది.

బాగానే ఉంది. అంత గొప్ప పాటేమీ కాదు. మాస్టారు నమస్కారం పెట్టి, చాలా సంతోషం అన్నారు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఇది ఎక్కడ ఏడవాలో అక్కడ వచ్చిన తడో, వేరే తడో ఆయన తేల్చుకోలేదు. అడగడం మర్యాద కాదు.

"మీరు తప్పు అనుకోకండి గురూజీ," అంది శిరీష. "మీరు మాత్రం ఏటా పాఠం మారుస్తరా?"

"మార్చను," అన్నారు మాస్టారు.

వెళ్ళేముందు దేవేంద్ర దగ్గర ఆగారు. సుక్మాలో తీసిన వీడియోలో ఆ అమ్మాయి మొహం కనిపిస్తుందా అని అడిగారు. తిరిగిన వీడియోలో కనిపించేది అక్కే, ఆ పిల్ల అరుపు మాత్రం వినిపిస్తుందన్నాడు దేవేంద్ర. అయితే జనం వైపు తిప్పిన ఇంకో కెమెరా ఉంది. దాంట్లో ఉండే ఉంటుంది. వెతికి పంపిస్తానన్నాడు. మాస్టారు నంబరు రాసి ఇచ్చారు.

బస్సులో, డ్యూటీకి తిరిగి వెళుతున్న ఉమామహేశ్వరి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎర్రబోరు ఊరు దాటాక అంది: "ఆ ఖాళీ తన వల్లనే పెట్టిన్రని సుమిత్రకు తెలిస్తే?"

"ఏమనేది?"

"ముందు సంబరపడేది. తర్వాత వాళ్ళను పట్టుకుని దులిపేది."

మాస్టారు తల ఊపారు. నాలుగో గడిలో ఏం వేయాలో అప్పుడు ఆయనకు తేలిపోయింది. ఉయ్యాల కాదు, వేదిక కాదు. ముందు వరసలో నిలబడి నోరు తెరిచి అరుస్తున్న సుమిత్ర.

*

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పెట్టిన రాయి మీద నాలుగో గడి నిండిపోయి ఉంది.

బావకు శ్రమ తగ్గిద్దామని, ఎటూ కచేరీ చూడడానికే పోయాడు కదా అని, భీమా సుక్కాను పిలిచి ఉయ్యాల వేయించేశాడు. నీలం చందమామ, పసుపు మైకు, గులాబీ చీరలో అమ్మాయి. ఊళ్ళో సగం మంది వచ్చి చూసి పోయారు. అందరికీ నచ్చింది.

"ఎట్లున్నది బావా? అచ్చం అక్కడ ఉన్నట్టే లేదూ?"

"అచ్చం అలాగే ఉంది," అన్నారు మాస్టారు. లోపలికి వెళ్ళి సున్నం బకెట్టు తెచ్చి ఆ గడి మీద కొట్టారు. ఆరాక ఇంకోసారి కొట్టారు. అమ్మాయి పోయింది, మైకు పోయింది. చందమామ అంచు మాత్రం లీలగా కనపడుతూనే ఉంది.

సుక్కా నొచ్చుకున్నాడు. భీమా ఇంకా ఎక్కువ నొచ్చుకున్నాడు. మాస్టారు ఇద్దరినీ కూర్చోబెట్టి, తనకు ఏం కావాలో చెప్పారు.

సుక్కా రేకులన్నీ తిరగేశాడు. "నోరు తెరిచిన మనిషి నా దగ్గర లేడు గురూజీ. అందరూ నోరు మూసుకున్నోళ్ళే. నా చేత్తో నేను మొహం వెయ్యలేను. ఫోటో ఉంటే దాని మీద రేకు పెట్టి కత్తిరిస్త."

ఉన్న ఫోటోలన్నీ వెతికారు. గుర్తింపు కార్డులో సుమిత్ర నోరు మూసుకుని ఉంది. పెళ్ళిళ్ళలో తీసిన వాటిలో పెదవులు బిగించి నవ్వుతోంది. ముందు పళ్ళు కొంచెం ఎత్తు. ఫోటో అంటే చాలు, నోరు మూసేసేది.

సన్నే ఇప్పుడంది: "నోరు తెరిచిన బొమ్మ వద్దయ్యా. చూసినోళ్ళు ఆకలితో పోయిందనుకుంటరు. మా ఇంటి నుంచి పిల్ల ఆకలితో పోలే."

"ఆకలి కాదు. అరుస్తోంది," అన్నారు మాస్టారు.

"రాయి మీద చప్పుడు ఎట్ల కనపడతది?"

మాస్టారు ఫోను తీసి ఉమామహేశ్వరి పంపిన సుక్మా వీడియో పెట్టారు. తెర మీద శిరీష ఉంది. అరుపు ఎక్కడి నుంచో వస్తోంది: "దువ్వెన! దువ్వెన! అక్కా, దువ్వెన!" ఆ గొంతు పగిలిపోతోంది. ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడిన పిల్ల కాదు.

సన్నే ఫోను చేతిలోకి తీసుకుని చెవికి ఆనించుకుంది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మాస్టారు మళ్ళీ పెట్టారు. ఎన్నిసార్లు పెట్టారో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి సన్నే ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "పళ్ళు కనపడేటట్టే వెయ్యమను," అంది.

*

రాయి నిలబెట్టారు. బంధువులు వచ్చారు. మేకను కోశారు, డోళ్ళు కొట్టారు. వానలు ఇంకా రాలేదు. రాయి మొదటి గడిలో ఆస్పత్రి ఉంది. రెండో గడిలో స్కూటీ ఉంది. సుక్కా మాట మన్నించి నీలం రంగే వేశాడు, కానీ అది మగవాళ్ళ మోటారుసైకిలు ఆకారంలో ఉంది. స్కూటీకి అతని దగ్గర రేకు లేదు. మూడో గడిలో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ఆడుతున్నారు. నాలుగోది తెల్లగా ఉంది.

వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగి అడిగారు. భీమా మొహం తిప్పుకున్నాడు. సన్నే మాత్రం అందరికీ ఒకే జవాబు చెప్పింది. అన్నం వడ్డిస్తూ ఒకరికి, ఆకులు తీస్తూ ఇంకొకరికి, అదే మాట, అదే గొంతుతో.

"అక్కడ నా బిడ్డ అరుస్తది. ఇంకా వెయ్యలే."

దేవేంద్రకు మాస్టారు రెండుసార్లు ఫోను చేశారు. మొదటిసారి వెతుకుతున్నానన్నాడు. రెండోసారి సామానంతా ఒడిశా వైపు వెళ్ళిందని, సీజన్ అయ్యాక చూస్తానని చెప్పాడు. మొన్న ఒక వీడియో పంపించాడు. మాస్టారు పాఠం మధ్యలో ఆపి, చింతచెట్టు కిందికి వెళ్ళి తెరిచారు. పొగ వచ్చింది. పైనుంచి ఉయ్యాల దిగింది. వచ్చే ఏడాది కచేరీల ప్రకటన.

ఆయన తరగతిలోకి తిరిగి వచ్చి పాఠం ఎక్కడ ఆపారో పిల్లల్ని అడిగారు. ఎద్దు దగ్గర అన్నారు.

సుమిత్ర నోరు తెరిచి ఉన్న ఫోటో ఇంతవరకు దొరకలేదు. సుక్కా రేకు కత్తిరించలేదు. నాలుగో గడి ఇంకా వెయ్యలేదు.